తారీఖూ వేళా వేసిన కాగితాలు

అత్త చాలా ఏళ్లు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయింది. ఇప్పటికీ నీటిరంగులు వదల్లేదు. మేనల్లుడు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెబుతాడు. ఎడ్వర్డ్ లియర్ మీద ఇద్దరికీ ఎప్పటినుంచో తగువుంది. ఈసారి మేనల్లుడు లియర్ ప్రయాణాల బొమ్మలున్న పెద్ద పుస్తకం ఒకటి తెచ్చాడు.

మేనల్లుడు: పుస్తకం ఇదిగో అత్తా. మొదటి పేజీ నుంచి చివరిదాకా చూశాను. నా మాట మారలేదు సరికదా, ఇంకా గట్టిపడింది. లియర్ గొప్ప కవి. గుడ్లగూబా పిల్లీ పడవెక్కి పెళ్లికి బయల్దేరిన ఆ ఒక్క పాట చాలు ఆయన పేరు నిలబడటానికి. చిత్రకారుడిగా మాత్రం రెండో వరస మనిషి. అయినా బతుకంతా ఆ రెండో వరస పనికే ధారపోశాడు. నాకు బాధ అక్కడే.

అత్త: ఆయన తన పని గురించి ఏం చెప్పుకున్నాడో చూశావా? గ్రీసు, అల్బేనియా ప్రయాణాల మీద 1851లో పుస్తకం వేశాడు. దానికి పెట్టిన పేరు 'ఒక ల్యాండ్‌స్కేప్ పెయింటర్ దినచర్యలు'. మరుసటి ఏడు దక్షిణ ఇటలీలోని కలాబ్రియా మీద వేసినదానికీ అదే పేరు. 1870లో కోర్సికా మీద వేసినదానికీ అదే. మూడు పుస్తకాల అట్టల మీద తన వృత్తి అచ్చు వేయించుకున్నాడురా.

మేనల్లుడు: తన గురించి తాను ఏమనుకున్నాడన్నది సాక్ష్యం కాదు. రస్కిన్ మాట తీసుకో. కొండలూ మబ్బులూ ఎలా గీయాలో, ఎలా చూడాలో ఆ కాలపు ఇంగ్లండుకి నేర్పినవాడు. టర్నర్ తరఫున సంపుటాల కొద్దీ వాదించినవాడు. అంతటివాడు 1886లో తనకిష్టమైన నూరుగురు రచయితల పేర్లు చెబుతూ లియర్‌ని మొట్టమొదట పెట్టాడు. దేనికి? తమాషా పద్యాల నాన్సెన్స్ పుస్తకానికి.

అత్త: రచయితల పేర్లలో బొమ్మలెందుకు వస్తాయి? ఇంకో సంగతి. ఇవాళ నువ్వు తెచ్చిన ఈ పుస్తకంలో ఉన్న కాగితాలు, చాలా భాగం, అప్పటికి జనం కంట పడలేదు. ఇటలీలోని సాన్‌రెమోలో లియర్ ఇంట్లోనే ఉన్నాయి. జనం చూసింది రాయల్ అకాడమీ గోడకి తగిలించిన ఆయిల్ పెయింటింగులు, ఆయన స్టూడియోలో కొనుక్కెళ్లిన వాటర్‌కలర్లు. వాటిని బట్టే అందరూ తీర్పు చెప్పారు. నువ్వూ వాటిని బట్టే చెబుతున్నావు.

మేనల్లుడు: మరి నువ్వు దేన్ని బట్టి చెబుతున్నావు?

అత్త: చెబుతాను. ముందు ఆ చెయ్యి ఎక్కడ తయారైందో చూడు. 1812లో లండన్ పక్కన హోలోవేలో పుట్టాడు. ఇరవై ఒక్క మంది పిల్లల్లో ఇరవయ్యోవాడు. తండ్రికి షేర్ల వ్యాపారంలో దెబ్బ తగిలి ఇల్లు చెదిరిపోతే, తనకంటే ఇరవై ఒక్క ఏళ్లు పెద్దదైన అక్క ఆన్ పెంచింది. అయిదారేళ్లప్పటినుంచే మూర్ఛ. ఆ రోజుల్లో అది బయటికి చెప్పుకోగలిగిన జబ్బు కాదు. చచ్చేదాకా దాచుకున్నాడు. మూర్ఛ వచ్చిన రోజున డైరీలో చిన్న గుర్తు ఒకటి వేసుకునేవాడు, అంతే. దానికి తోడు ఉబ్బసం, హ్రస్వదృష్టి, ఉన్నట్టుండి మనసుని కమ్మేసే దిగులు. పదిహేనేళ్లకే బొమ్మలు గీసి డబ్బులు సంపాదించుకోవాల్సి వచ్చింది. పద్దెనిమిదేళ్లకి చిలకల పుస్తకం మొదలుపెట్టాడు.

మేనల్లుడు: అదే నేనూ అనబోతున్నాను. 1830 నుంచి 1832 దాకా వేసిన చిలకల బొమ్మలు, నలభై రెండు ప్లేట్లు. వాటికి సాటి లేదు. ఇంగ్లండులో ఒకే పక్షి కుటుంబం మీద అలాంటి పుస్తకం అంతకు ముందు ఎవరూ వేయలేదు. చచ్చిన పక్షి తోలులో గడ్డి కుక్కి దాన్ని చూసి గీసే రోజుల్లో, ఈ కుర్రాడు లండన్ జూకి వెళ్లి బతికున్న చిలకల ముందు కూర్చున్నాడు. ప్రతి చిలకకీ ఓ స్వభావం ఉంటుంది ఆ బొమ్మల్లో. ఒకటి కోపంగా చూస్తుంది, ఒకటి బడాయిగా కూచుంటుంది. బ్రెజిల్లో ఉండే ఒక నీలి మకా చిలకకి శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టారు. చూడు మరి, మొదటి వరస పని చేతిలో ఉండగా వదిలేసి రెండో వరసకి పోయాడు.

అత్త: వదల్లేదు, వదలాల్సి వచ్చింది. ఆ పుస్తకం చందాదారులకి వేసింది 175 ప్రతులే. లితోగ్రాఫు రాళ్ల మీద తనే గీసి, అచ్చు ఖర్చులు తనే పెట్టుకుని, ఒక్కో రాయి పని అయిపోగానే చెరిపేయించి మళ్లీ వాడుకున్నాడు. రాళ్లు దాచుకునే స్తోమతు లేదు. పద్నాలుగు భాగాలు అనుకున్నది పన్నెండు దగ్గర ఆగిపోయింది. తర్వాత డెర్బీ ప్రభువు లివర్‌పూల్ దగ్గర నోజ్‌లీ బంగళాలో తన జంతుశాల బొమ్మలు గీయమని పెట్టుకున్నాడు. కానీ కళ్లు ఒప్పుకోవాలిగా? 1836లో పక్షిశాస్త్రజ్ఞుడు గూల్డ్‌కి రాసిన ఉత్తరంలో, ఇక ఉష్ట్రపక్షి కంటే చిన్న పక్షి నా కంటికి ఆనేలా లేదని మొత్తుకున్నాడు. మరుసటి ఏడు డెర్బీ కుటుంబమే డబ్బిచ్చి రోముకి పంపింది. దూరపు కొండని గీయడానికి ఈకల లెక్క అక్కర్లేదు కదా.

మేనల్లుడు: అంటే కళ్లు పోతున్నాయని కొండల వైపు తిరిగాడన్నమాట. నువ్వే ఒప్పుకుంటున్నావు.

అత్త: ఎందుకు తిరిగాడన్నది వేరు, తిరిగాక ఏం చూశాడన్నది వేరు. చిలక ఈకల మీద నేర్చుకున్న గీత ఎక్కడికీ పోలేదు. అదే గీత కొండ అంచు మీదికి ఎక్కింది. ఈ పేజీలో కుడివైపు కొండ చూడు. గీత దగ్గర మందంగా మొదలై దూరం పోయేకొద్దీ పలచబడుతుంది, కానీ ఎక్కడా తడబడదు. ఒక్క గీతలో నాలుగు మైళ్ల దూరం చెప్పాడు. నేను పిల్లలకి ఏళ్ల తరబడి నేర్పినా రాని విషయం అది.

మేనల్లుడు: గీత బాగుంది, కాదనను. కానీ బొమ్మ ఎక్కడుంది? రోములో పదేళ్లు ఉన్నాడు. యాత్రకొచ్చిన ఇంగ్లీషు దొరలకి పాఠాలు చెప్పుకుంటూ, వాళ్లకి జ్ఞాపకార్థం దృశ్యాలు అమ్ముకుంటూ బతికాడు. 1846లో ఆయన వేసిన ఇటలీ విహారాల పుస్తకం చూసి విక్టోరియా రాణి పిలిపించి పన్నెండు పాఠాలు చెప్పించుకుంది. అంత గుర్తింపు వచ్చాక ఏం చేశాడు? 1850లో, ముప్పై ఏడేళ్ల వయసులో, కుర్రాళ్లతో కలిసి రాయల్ అకాడమీ బళ్లో విద్యార్థిగా చేరాడు. తనకి రావాల్సింది రాలేదని ఆయనకే తెలుసు.

అత్త: నాకు కోపం వచ్చేది సరిగ్గా అక్కడేరా. రాణికి పాఠాలు చెప్పిన మనిషి మళ్లీ ప్లాస్టర్ విగ్రహాల ముందు కూర్చుని మనిషి కాలూ చెయ్యీ గీయడం నేర్చుకోవాలా? పెద్ద ఆయిల్ పెయింటింగు వేసి అకాడమీ గోడకెక్కితేనే చిత్రకారుడన్న నమ్మకం ఆ దేశంలో అంత బలంగా ఉండేది. వాటర్‌కలర్ అంటే తక్కువ. స్కెచ్ అంటే ఇంకా తక్కువ, అది వంటింటి సరుకు. లియర్ ఆ నమ్మకాన్ని పూర్తిగా మింగేశాడు. ముప్పై ఏళ్లు అది ఆయన్ని లోపల తినేసింది.

మేనల్లుడు: చిత్రకారుడు హోల్మన్ హంట్ దగ్గరికి వెళ్లింది కూడా అందుకేగా?

అత్త: 1852లో. హంట్ తనకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, అయినా 'డాడీ' అని పిలిచేవాడు. నీ స్కెచ్చుల్లోంచి ఆయిల్ పెయింటింగు రాదు, ప్రకృతి ముందు నిలబడి రంగు వేయి అని హంట్ చెప్పాడు. హేస్టింగ్స్ దగ్గర ఒక పొలంలో ఇల్లు తీసుకుని ఇద్దరూ పని చేశారు. సిసిలీలోని సైరక్యూస్ రాతి గనుల బొమ్మ అక్కడే వేశాడు. దూరం సిసిలీది, ముందున్న రాళ్లు ఇంగ్లండువి.

మేనల్లుడు: అకాడమీలో 1853లో పెట్టారు, మెచ్చుకున్నారు, అమ్ముడుపోయింది. అంటే ఆ పద్ధతి ఫలించినట్టే.

అత్త: ఒకసారి ఫలించింది. ఆ ఫలమే ఆయన్ని పాడు చేసింది. లెబనాన్ దేవదారుల సంగతి చూడు. 1858లో అక్కడికి వెళ్లాడు, చెట్ల కింద నిలబడి గీశాడు. ఇంగ్లండు తిరిగొచ్చాక పెద్ద కాన్వాసు వేద్దామనుకున్నాడు. హంట్ చెప్పాడు కదా, ప్రకృతి ముందు వేయాలని! అందుకని లండన్ దగ్గర వాల్టన్‌లో, ఓట్‌లాండ్స్ పార్కు హోటల్లో చలికాలం గది తీసుకున్నాడు. ఎందుకంటే ఆ హోటల్ తోటలో దేవదారు చెట్లున్నాయి. లెబనాన్ కొండ మీది వెలుగు తోటలో ఎక్కడ దొరుకుతుంది? నెలల కొద్దీ శ్రమ. 1861కి పూర్తయింది, 700 గినీలు ధర పెట్టాడు. లివర్‌పూల్‌లో పొగిడారు. 1862లో లండన్ అంతర్జాతీయ ప్రదర్శనలో గోడ పైన, ఎవరికీ కనపడని ఎత్తున తగిలించారు. విమర్శకులు ఈసడించారు. ఏళ్ల తరబడి కొనే దిక్కు లేక, చివరికి లేడీ ఆష్‌బర్టన్ మూడోవంతు కూడా లేని ధరకి తీసుకుంది.

మేనల్లుడు: అత్తా, నువ్వు నా పని సులువు చేస్తున్నావు. పక్షులు వదిలేశాడు, ఆయిల్ రాలేదు. మధ్యలో ఆ నాన్సెన్స్ పుస్తకం చూడు. 1846లో వేరే పేరు పెట్టుకుని వేశాడు, తన పేరు వేయడానికి కూడా మొహమాటం. 1861లో పెంచి సొంత పేరుతో వేశాక హక్కులు మొత్తం రౌట్లెడ్జ్‌కి 125 పౌండ్లకి ఇచ్చేశాడు. ముద్రణ మీద ముద్రణ పడింది, ఆయనకి ఇంకో కాణీ రాలేదు. తనలో నిజంగా ఏది గొప్పదో గుర్తుపట్టలేకపోయాడు.

అత్త: ఆ మాటలో సగం నేనూ ఒప్పుకుంటాను. గుర్తుపట్టలేదు. కానీ గుర్తుపట్టనిది కవిత్వం ఒక్కటే కాదు, ఈ కాగితాలు కూడా. ఇవి ఎలా తయారయ్యాయో చెబుతాను విను, అప్పుడు వాదించు. తెల్లవారకముందే లేచి నడవడం. వెంట జార్జియో కొకాలి అని సూలియట్ తెగకి చెందిన ఒక సేవకుడు, 1856 నుంచి ఉన్నాడు. ఒక చోటు నచ్చితే ఆగి పెన్సిలుతో గబగబా గీత. రంగు వేసే వ్యవధి ఉండదు. అందుకని బొమ్మలోనే మాటలు రాసేవాడు. ఇక్కడ ఇసక, ఇక్కడ నీలం నీడ, ఇక్కడ మేకలు. రాళ్లన్న మాటకి కావాలనే తప్పు స్పెల్లింగు రాసి నవ్వుకునేవాడు. మూల మీద ఊరు, తారీఖు, వేళ. ఉదయం ఏడున్నర, సాయంత్రం అయిదు, అలాగ. ఆ వెనక నెలలకో, చలికాలపు రాత్రుళ్లు ఇంట్లో కూర్చుని ఆ పెన్సిలు గీతల మీద, రాసిన మాటల మీద కూడా, సిరా పెట్టేవాడు. తర్వాత పలచటి రంగు పూత. కాగితంలో చాలా భాగం తెల్లగానే వదిలేసేవాడు.

మేనల్లుడు: ఆ చిన్న చిన్న మాటలు నాకూ నచ్చాయి. బొమ్మ లోపల డైరీ రాసినట్టుంది. కానీ అది బొమ్మ కాదు అత్తా, బొమ్మకి పెట్టుకున్న గుర్తులు. ఈ రోజు నీకు అవి అందంగా కనపడటానికి కారణం వేరే ఉంది. సెజాన్ వచ్చాక, సగం కాగితం ఖాళీగా వదిలినా బొమ్మే అని లోకం నేర్చుకుంది. ఆ నేర్చుకున్న కళ్లతో నువ్వు వెనక్కి చూస్తున్నావు. లియర్ వేయని బొమ్మని లియర్ ఖాతాలో వేస్తున్నావు. ఆయన బతికుంటే, నా అసలు పని వదిలేసి చిత్తు కాగితాలు పొగుడుతున్నారేమిటని నొచ్చుకునేవాడు.

అత్త: మంచి మాటే అన్నావు. నేనూ చాలాసార్లు అలాగే అనుమానపడ్డాను. కానీ ఖాళీ ఉంది కాబట్టి నాకు నచ్చలేదురా. ఈ పెట్రా పేజీ చూడు. 1858 ఏప్రిల్. పగలంతా గీశాడు. మర్నాడు అక్కడి తెగలవాళ్లు గుంపుగా వచ్చి చుట్టుముట్టి, జేబుల్లో ఉన్నదంతా దోచుకున్నారు. ప్రాణంతో బయటపడటమే గొప్ప. ఆ ఎర్రరాతి లోయ చూసి జార్జియో ఏమన్నాడో లియర్ రాసుకున్నాడు. చాక్లెట్టూ, పంది మాంసమూ, కూరపొడీ, సాల్మన్ చేపా కలిపి చేసిన లోకంలోకి వచ్చామన్నాడట. వంటవాడి కన్ను. లియర్ వేసిన రంగు కూడా అంత సూటిగా ఉంటుంది. బైబిలు నాటి నగరమని భక్తి పులమలేదు, శిథిలాల మీద విషాదం పులమలేదు. ఆ పూట ఆ రాయి ఏ రంగులో ఉందో ఆ రంగు. ఇందులో ఇంకేం కలపాలో చెప్పు. కలిపితే ఏమవుతుందో ఆయన ఆయిల్ పెయింటింగులే చెబుతాయి. ముందు ఒక చెట్టు, పక్కన మేకల కాపరి, వెనక పసుప్పచ్చ సూర్యాస్తమయం. కొనేవాడు అడిగే సరుకంతా చేరిపోతుంది.

మేనల్లుడు: అల్బేనియాలో గీస్తుంటే చుట్టూ జనం చేరి 'షైతాన్' అని కేకలు పెట్టారని ఆయన దినచర్యలో చదివాను. అంత ఇబ్బందిలో గీసిన గీతకి బలం ఉంటుందని ఒప్పుకుంటాను. కానీ 'టైరెంట్స్' మాటేమిటి? 1863 నాటికి కోర్ఫూ ద్వీపంలో అరవై వాటర్‌కలర్లు ఒకేసారి మొదలుపెట్టాడు. అరవై కాగితాలకీ ఒక రంగు, తర్వాత అరవైకీ ఇంకో రంగు. ఆ బొమ్మలకి తనే 'నిరంకుశులు' అని పేరు పెట్టుకున్నాడు. అది కళాకారుడి పనా, కార్ఖానా పనా?

అత్త: కార్ఖానా పనే. ఇంటద్దె పని. వాటిని నేను సమర్థించను.

మేనల్లుడు: నేను సమర్థిస్తాను! నువ్వు వాటిని తీసిపారేస్తావు, కానీ నీ ప్రియమైన కాగితాలకి దారి ఖర్చులు ఇచ్చింది అవే కదా. నైలు నదికి పడవ, జార్జియో జీతం, కాగితం, సిరా, అన్నీ ఆ అరవైలోంచే వచ్చాయి. అమ్మకానికి వేసిన బొమ్మ ఆయన్ని పాడు చేసిందంటావు. అది లేకపోతే ఆయన గడప దాటేవాడు కాడు.

అత్త: అది నిజం. దాన్ని కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

మేనల్లుడు: ఇంకో సంగతి కూడా అడగాలి. మన దేశానికి వచ్చినప్పుడు ఎవరి అతిథిగా వచ్చాడు? వైస్రాయి నార్త్‌బ్రూక్. 1873 నవంబరులో బొంబాయిలో దిగి 1875 జనవరి దాకా తిరిగాడు. బెంగాలు, బీహారుల్లో అప్పుడు కరువు. వైస్రాయి బర్మా నుంచి బియ్యం తెప్పిస్తున్న రోజులు. ఆయన స్నేహితుడు మాత్రం తాటిచెట్లూ కోనేళ్లూ గీసుకుంటున్నాడు. దేశం ఆయనకి దృశ్యం మాత్రమే. ఇది నన్ను నిజంగా కలచివేస్తుంది.

అత్త: నన్నూ కలచివేస్తుంది. దాన్ని దాచి లియర్‌ని పొగడను. కలకత్తా గవర్నమెంటు హౌస్‌లో విందులూ హడావిడీ పడక ఆ ఊరికి 'హసిల్‌ఫసాబాద్' అని పేరు పెట్టి పారిపోయాడు నిజమే, కానీ విందు నచ్చకపోవడం వేరు, కరువుని చూడటం వేరు. ఆయన చూపు కొండ మీద, చెట్టు మీద, వాటి మీది వెలుగు మీద. మనుషులు ఆ వెలుగులో చిన్నవాళ్లుగా ఉంటారు. అది ఆయన హద్దు. ఆ హద్దు లోపల మాత్రం నిజాయితీగా చూశాడు. అరవై ఒక్క ఏళ్ల మనిషి, ఉబ్బసంతో, ఎక్కా బండ్ల మీదా రైళ్లలోనూ కాశీ నుంచి సిమ్లా దాకా, అటు మద్రాసు, మహాబలిపురం, తంజావూరు, తిరుచిరాపల్లి, నీలగిరులు, మలబారు తీరం దాకా తిరిగాడు. కాశీ ఘట్టాల రంగులు చూసి పిచ్చెక్కిపోయాడు. తాజ్‌మహల్ చూశాక లోకంలో మనుషులు రెండే రకాలు, చూసినవాళ్లూ చూడనివాళ్లూ అని రాసుకున్నాడు. మద్రాసూ మహాబలిపురమూ మనకి తెలిసిన చోట్లు కాబట్టి చెబుతున్నాను, అక్కడి ఎండని ఇంగ్లండు ఎండగా మార్చలేదు. తెల్లటి ఎండ తెల్లగానే ఉంది. కాగితం వదిలేశాడు, అంతే.

మేనల్లుడు: ఇప్పుడు నేను ఒకటి ఒప్పుకోవాలి. ఆయిల్ పెయింటింగుల్లో ఒక్కటి నన్ను ఆపేసింది. డార్జిలింగు నుంచి కాంచనజంఘ. 1879 నాటిది, ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఆరడుగుల వెడల్పు. ముందు ఫెర్న్ మొక్కలూ పెద్ద చెట్లూ దట్టంగా, వాటి మధ్య చిన్న చిన్న మనుషులు. ఆ తర్వాత లోయ, లోయ నిండా పొగమంచు. ఎక్కడో పైన, నమ్మశక్యం కానంత దూరాన, మంచు. నువ్వు తిట్టిన చెట్టూ కాపరీ సరుకంతా అందులో ఉంది. అయినా అది ఊరికే అమ్మకానికి వేసిన బొమ్మ కాదు.

అత్త: కాదు. దానికి నేనూ దండం పెడతాను. 1874 జనవరిలో డార్జిలింగులో చలికి వణుకుతూ, మంచు తొలగేదాకా కాచుకుని కాచుకుని గీశాడు. ఆ కొండ తనకి లొంగదని, మరీ దూరం, మరీ పెద్దదని, మనసుకి దగ్గరగా రాదని రాసుకున్నాడు. కారణం తెలుసా? ఇటలీ కొండలకీ గ్రీకు కొండలకీ నడిచి వెళ్లి చెయ్యి వేసి వచ్చాడు. దీని దగ్గరికి నడవలేడు. కాబట్టి నడిచేవాడి గీత సరిపోలేదు. లోయలో పొగమంచు పొరలు చూపించాలంటే పొర మీద పొర వేసే ఆయిలే కావాలి. ఆ ఒక్క చోట ఆ మాధ్యమం ఆయనకి నిజంగా అవసరమైంది.

మేనల్లుడు: అయితే నీ వాదం కూలిపోయింది కదా! ఆయిల్ ఆయన్ని పాడు చేసిందన్నావు.

అత్త: ఎందుకు కూలుతుంది? అదే కాంచనజంఘ మూడు పెద్ద కాన్వాసులు వేశాడు. ఒకటి నార్త్‌బ్రూక్‌కి, ఒకటి అబెర్‌డేర్ ప్రభువుకి, ఒకటి లేడీ ఆష్‌బర్టన్‌కి. ఒకసారి నిజంగా చూసి, మిగతా రెండుసార్లు ఆర్డరు తీర్చాడు. నేను చెబుతున్నది ఆయిల్ చెడ్డదని కాదు. పూర్తి చేయడమంటే ఏమిటో ఆయన వేరేవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నాడని.

మేనల్లుడు: జార్జియో గురించి నువ్వు ఎక్కువ చెప్పలేదు. ఈ కాగితాల కట్టలు దేశదేశాలు మోసినవాడు. సింహళంలో విరోచనాలు పట్టుకుని ప్రాణం మీదికొచ్చింది, లియరే సేవ చేశాడు. 1883లో స్విట్జర్లాండులో మాంటె జెనెరోసో కొండ మీద పోయాడు. ఇరవై ఏడేళ్లు వెంట ఉన్నాడు. నీ కాగితాల చరిత్రలో ఆ మనిషికి సగం వాటా ఉంది.

అత్త: ఉంది. ఆయనకి చదవడం, రాయడం కూడా లియరే నేర్పాడు. కోర్ఫూలో జార్జియో కుటుంబం ఎంత లేమిలో బతుకుతోందో ఆలస్యంగా తెలుసుకుని కుంగిపోయాడు కూడా. దగ్గరున్న మనిషిని చూడటంలో లియర్ ఎప్పుడూ కాస్త ఆలస్యమే.

మేనల్లుడు: సరే, చివరి రోజులకి వద్దాం. సాన్‌రెమోలో విల్లా ఎమిలీ అని ఇల్లు కట్టుకున్నాడు. ఎదురుగా పెద్ద హోటల్ లేచి సముద్రాన్ని కప్పేసింది, దాని గోడల మీంచి ఎండ విరిగి స్టూడియోలో పడి పని చేయనివ్వలేదు. 1881లో విల్లా టెన్నిసన్ అని అచ్చంగా అదే ప్లానుతో ఇంకో ఇల్లు కట్టాడు. అక్కడే 1888 జనవరి 29న పోయాడు. ఆ ఏళ్లన్నీ దేనిమీద పెట్టాడు? టెన్నిసన్ పద్యాలకి రెండు వందల దృశ్యాలు గీయాలన్న పని మీద. పూర్తి కాలేదు. ఫోటో పద్ధతి, రాతి అచ్చు, ఏవేవో ప్రయత్నించాడు, ఏదీ కుదరలేదు. పోయాక 1889లో కొన్ని బొమ్మలతో చిన్న పుస్తకం, నూరు ప్రతులు, టెన్నిసన్ సంతకంతో వచ్చింది. నీ ప్రకారం, ఇది కూడా అరువు తెచ్చుకున్న పని కాదా?

అత్త: కాదు. నువ్వు దీన్ని నీ వైపు సాక్ష్యమనుకుని తెచ్చావు, ఇది నా వైపు సాక్ష్యం. ఆ రెండు వందలు ఎక్కడివి? తను నడిచిన చోట్లే. అల్బేనియా, కోర్సికా, నైలు, పాలస్తీనా, మలబారు. జీవితమంతా తిరిగిన చోట్లని ఒక వరసలో పెట్టి, ఒకే పుస్తకంగా చూపించాలనుకున్నాడు. ఒక్కో కాన్వాసు అకాడమీ గోడకెక్కాలన్న ఆశ అప్పటికి చచ్చిపోయింది. ఈ కాగితాలన్నీ కలిపితేనే తన పని అని చివరికి ఆయనకే తోచింది.

మేనల్లుడు: అక్కడే చిక్కుంది. కాగితాలు చూపించలేదు కదా! వాటిని చూసి మళ్లీ గీశాడు, మళ్లీ సర్దాడు, మళ్లీ 'పూర్తి' చేయబోయాడు. అసలు కాగితాలు లుషింగ్టన్ చేతికి వెళ్లాయి, స్నేహితుడూ వీలునామా అమలు చేసినవాడూ ఆయనే. 1929లో ఆ కుటుంబం అమ్మేసింది. ఫిలిప్ హోఫర్ లాంటి అమెరికా సేకర్తలు కొన్నారు కాబట్టి మూడు వేలకు పైగా ఇవాళ హార్వర్డ్‌లోని హాటన్ లైబ్రరీలో ఉన్నాయి. 1985లో రాయల్ అకాడమీయే ఆయన పేర పెద్ద ప్రదర్శన పెట్టింది. ఇదంతా లియర్ అనుకున్నది కాదు, వేరేవాళ్ల పుణ్యం. ఆయన దృష్టిలో ఇవి కొనేవాళ్లకి చూపించే నమూనాలు. వచ్చినవాడు కట్ట విప్పి, ఇదిగో ఈ చోటు నాకు వేసిపెట్టు అని ఆర్డరిచ్చేవాడు. సిరా పెట్టింది కూడా అందుకే అంటాను, పెన్సిలు చెరిగిపోకుండా.

అత్త: కొన్నిటికి అంతే. కానీ నమూనాకి ఎన్ని కావాలి? ఫీలే పేజీలు తియ్యి. 1854లో ఆ నైలు ద్వీపంలో, ఐసిస్ గుడి గదుల్లోనే బస చేసి పది రోజుల దాకా ఉన్నాడు. అదే గుడి, అవే స్తంభాలు, అవే నల్లరాళ్లు. పొద్దున గీశాడు, వేళ వేశాడు. మధ్యాహ్నం గీశాడు, వేళ వేశాడు. పొద్దుగూకుతుంటే మళ్లీ గీశాడు. వచ్చి కొనుక్కునేవాడికి కావాల్సింది గుడి. ఏ వేళప్పటి గుడి అని వాడు ఎందుకడుగుతాడు? అది లియర్‌కే కావాలి. ఎవరూ అడగనిది, ఎవరూ డబ్బివ్వనిది, ఏళ్ల తర్వాత రాత్రుళ్లు కూర్చుని కళ్లు చించుకుని దానికే సిరా పెట్టాడు.

మేనల్లుడు: ఏ వేళన్నది ఆయిల్‌లో మళ్లీ వాడుకోవడానికి వేసుకుని ఉండొచ్చు.

అత్త: అయితే ఫీలే ఆయిల్ పెయింటింగుల్లో ఆ మధ్యాహ్నం ఏదో వెతికి చూపించు. నాకు సూర్యాస్తమయాలే కనపడ్డాయి.